వాత అనుకున్న మచ్చ

మైక్రోబయాలజీలో నాకు మంచి మార్కులొచ్చాయి. స్క్రబ్ టైఫస్ ప్రశ్నకు రెండు పేజీలు రాశాను. పొదల్లోని నలుసంత పురుగు కుడుతుంది, కుట్టినచోట నొప్పి లేని నల్లటి పక్కు కడుతుంది, అది కనబడితే రక్తపరీక్ష కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాలి. రంగు పెన్సిళ్లతో బొమ్మ కూడా వేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ బొమ్మ మీద ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

నా మొదటి ఉద్యోగం చింతపల్లి వైపు కొండల్లో, ఒక చిన్న ఆసుపత్రిలో. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక తల్లి ఆరేళ్ల కూతుర్ని వీపున కట్టుకుని వచ్చింది. అయిదు రోజులుగా జ్వరం. మలేరియా లేదని పరీక్ష కిట్ చెప్పింది. గౌను ఎత్తి చూస్తే బొడ్డు పక్కన నల్లటి మచ్చ.

అక్కడ జ్వరమొచ్చినా, కడుపు ఉబ్బినా ఇనుము కాల్చి పొట్టమీద వాత పెడతారు. అలాంటి పొట్టలు చాలా చూశాను. అందుకే కోపం నషాళానికంటింది. పసిదాన్ని కాలుస్తారా అని అందరి ముందూ తిట్టాను. తిట్టడం బాగానే ఉంది కూడా, అబద్ధమెందుకు.

"మేం వాత ఎయ్యనేదు బాబూ," అంది తల్లి.

అయితే నువ్వు పొలం వెళ్లినప్పుడు మీ అత్త పెట్టి ఉంటుందన్నాను. మచ్చ మీద నొక్కినా పిల్ల మూలగలేదు. కాలిన పుండైతే ఎందుకు మూలగదని నాకు తోచలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదే. పుండుకు పూత, జ్వరానికి పారాసిటమాల్, ఇంకేదో యాంటీబయాటిక్ ఇచ్చి పంపేశాను. డాక్సీసైక్లిన్ నా వెనక బీరువాలోనే ఉంది.

నాలుగో రోజు పిల్లను ఆయాసంతో జీపులో తెచ్చారు. విశాఖ పంపాను. అక్కడి పెద్ద డాక్టరు మచ్చ చూడగానే జబ్బు పేరు చెప్పి, మందు మొదలుపెట్టారు. అప్పటికే ఆలస్యమైంది. మర్నాడు పిల్ల చనిపోయింది.

నిజం చెప్పడానికి ఆ ఊరు వెళ్లేసరికి రెండు నెలలు పట్టింది. భయమే, వేరే కారణం లేదు. తల్లి వాకిట్లో కాఫీ పళ్లు ఆరబెడుతోంది. అది వాత కాదు, పురుగు కుట్టిన మచ్చ, తప్పు నాదేనని చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. నేను తిట్టిన రోజే అత్తను ఇంట్లోంచి వెళ్లగొట్టారట. ముసలామె ఎన్ని ఒట్లు పెట్టినా ఎవరూ నమ్మలేదట.

"నా గుంటని పాతినప్పుడు కూడా మా అత్తని దగ్గిరికి రానియ్యనేదు బాబూ," అంది. "నువ్వు సెప్పినావు గదా."