చీటీ మీద లేని మూడు పేర్లు

సెలవు రోజున పొద్దున్నే తిరుపతి బస్సెక్కుతున్నానంటే మా వీధిలో అందరూ అడిగింది ఒకటే, కొండకేనా అని. కాదు, బొమ్మలు చూడటానికి అన్నాను. పక్కింటావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నేను చిత్తూరులో ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచర్ని, బొమ్మలు చూడటం నా పని. అయినా ఈ ప్రయాణానికి అసలు కారణం కాళహస్తి నుంచి వచ్చిన ఒక కార్డు. రాసింది మునిరత్నం అన్న. తరాలుగా కలంకారీ బట్టలు గీసే ఇల్లు వాళ్ళది. "అమ్మా, తిరుపతి కళాభవనంలో మన గుడ్డ పెట్టినారంట. నేనింకా సూడలేదు. నువ్వొస్తే కలిసి పోదాము" అని రాశాడు. పోయినేడు ఆ బట్టను అక్కడికి పంపమని ఆయన వెంటపడింది నేనే.

దేవుళ్ళ కథలు గీసే మనిషి తన ఇష్టం కొద్దీ గీసుకున్న బట్ట అది. అలిపిరి మెట్ల దారి. కాళ్ళు పట్టుకుపోయి మెట్టు మీద కూలబడ్డ ముసలమ్మ, గుండ్లు కొట్టించుకుని దిగివస్తున్న ఒక సంసారం, నెత్తిన పెట్టె మోస్తున్న కూలి, చంకలో ట్రాన్సిస్టరు పెట్టుకుని ఎక్కుతున్న ఒక షోకిలా రాయుడు. పెద్ద కళ్ళు, నల్లటి గీత అన్నీ పాత పద్ధతే, మనుషులు మాత్రం ఇప్పటివాళ్ళు. ఈ కాలపు కళను ఆదుకోవడానికి కొత్తగా కట్టిన భవనమని పేపర్లో చదివి, ఇది ఉండవలసింది అక్కడేననుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

చిత్తూరులో ఆరుంబావు బస్సు ఎక్కితే పూతలపట్టు, చంద్రగిరి మీదుగా ఎనిమిదిన్నరకల్లా తిరుపతిలో దింపుతుంది. టికెట్టు ఏడు రూపాయలు. కుడివైపు కూర్చోకండి, చంద్రగిరి దాకా ఎండ మొహాన కొడుతుంది. మునిరత్నం అన్న కాళహస్తి నుంచి రేణిగుంట మీదుగా అప్పటికే వచ్చి, బస్టాండులో ఉతికిన పంచెతో నిలబడి ఉన్నాడు. వెంట కూతురు చెంగమ్మ ఉంది. ఇరవై ఏళ్ళ పిల్ల. మొహం మాడ్చుకుని ఉంది. సంగతి ఇడ్లీలు తినేటప్పుడు బయటపడింది. రేణిగుంటలో ఒక గోడౌనులో పెట్టెలకు చీటీలు అంటించే పని దొరికిందట, సోమవారం నుంచి రమ్మన్నారట.

"ఈ గుడ్డల పని కూలిపని అత్తా. పేరా, పెంపా?" అంది నాతో. "నాయన గీస్తాడు, నేను రంగులు పూస్తా. కొనుక్కుపోయేటోడికి మేమెవురో కూడా తెలీదు."

"అందుకే గదా పిల్సుకొచ్చినాను" అన్నాడాయన. "ఆ పెద్ద భవనంలో మన పేరుండేది సూడు. సూసినంక కూడా పోతానంటే పో, నేను అడ్డం రాను."

రిక్షా అతనికి కళాభవనం అని చెబితే, "అట్లాంటిది యాడుండాది మా? అలిపిరికి పోతారా, తొందరగా సెప్పండి" అన్నాడు. చివరికి ఊరి బయట కొత్త బిల్డింగు అంటే తెలిసింది. రెండు రూపాయలు తీసుకున్నాడు. పదింటికి తలుపులు తీస్తారు, శుక్రవారం సెలవు. మనిషికి అర్ధరూపాయి టికెట్టు. తన బట్టను తను చూసుకోవడానికి మునిరత్నం అన్న కూడా టికెట్టు కొనాల్సి వచ్చింది. గేటు దగ్గర కాపలాదారు నా పెన్ను తీసి పెట్టుకున్నాడు, బొమ్మల మీద సిరా పడుతుందని. అది న్యాయమే.

ముందు మేడమీదికి వెళ్ళాం. నవీన కళ గది. ఫ్యాన్లు, మంచి వెలుతురు, చట్రాల కింద అచ్చులో పేర్లు, ఊళ్ళు. మదరాసు, హైదరాబాదు, బరోడా. నిజం చెప్పాలి, అందులో రెండు మూడు బొమ్మల ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. చెంగమ్మ మాత్రం బొమ్మలు చూడలేదు, పేర్లే చదువుకుంటూ పోయింది. గది చుట్టి వచ్చింది. మన బట్ట లేదు.

కింద ఉంది. పాత వస్తువుల హాల్లో, ఇత్తడి దీపపు సెమ్మెలకూ విరిగిన చెక్క గుర్రానికీ మధ్య, అద్దాల వెనక. పక్కన చీటీ: "ఆలయ వస్త్రం. సంప్రదాయ శైలి. పురాతనం. కళాకారుడు తెలియదు."

ఆ కళాకారుడు నా పక్కనే నిలబడి ఉన్నాడు! అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. కాపలాదారు వారిస్తున్నా వినకుండా ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని ఆఫీసు గదిలోకి దూరాను. అక్కడి అధికారి కుర్రవాడే, మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. ఆ మర్యాదకు నా ఒళ్ళు ఇంకా మండింది.

"ట్రాన్సిస్టరు ఉన్న బొమ్మ పురాతనం ఎలా అయింది?" అన్నాను.

అతను బల్ల మీది రిజిస్టరు తిరగేశాడు. "అది... తర్వాతి కాలంలో ఎవరో చేర్చి ఉంటారని కమిటీ అభిప్రాయపడిందండీ."

"ఎవురో గాదు సామీ, నేనే గీసినాను" అన్నాడు మునిరత్నం అన్న. "అది మా బావమరిది ట్రాన్సిస్టరు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పేరూ ఊరూ రాసి, గుండుసూదితో బట్టకు గుచ్చి పంపిన ఫారం ఏదని అడిగితే, గుండుసూది తుప్పు బట్టకు అంటుతుందని ఎవరో దాన్ని ఊడదీశారట, ఫారం ఎక్కడో పోయిందట. పోతే పోయింది, బట్ట మీద సంతకం ఉంటే సరిపోయేదట. సంతకం లేనిది నవీన కళ కాదట, హస్తకళట. కాళహస్తిలో బట్ట మీద పేరు రాసుకోరని, అది దేవుడి వెనక వేలాడే బట్ట కాబట్టి అలా రాసుకోవడం తప్పనుకుంటారని నేను గొంతు చించుకున్నాను. అతను పాపం నోట్సు కూడా రాసుకున్నాడు. చివరికి ఒక తెల్లకాగితం ముందుకు తోశాడు. "కళాకారుడి పేరు రాసివ్వండి. చీటీ మార్పించి పైగదికి పంపిస్తాను."

మునిరత్నం అన్న కూతురి వైపు చూశాడు. "దేవుని గుడ్డ మింద పేరు రాయకూడదని మా నాయన సెప్పినాడు. ఇది మనుషుల గుడ్డ గదా, రాస్తాను" అన్నాడు. కాగితం మీద వంగి, బొమ్మ గీసినంత నిదానంగా రాశాడు. ఒకటి కాదు, మూడు పేర్లు. గురవమ్మ, మునిరత్నం, చెంగమ్మ.

"గురవమ్మ ఎవరు?" అన్నాడు అధికారి.

"నా పెండ్లాము. కరక్కాయ నూరి, పాలల్లో కలిపి గుడ్డను నానేసేది ఆమె, ఏట్లో ఉతికేది ఆమె. గుడ్డ ముందు ఆమె సేతిలోనే గదా పడేది. ఆ పైన నేను గీసినాను. రంగులు ఈ బిడ్డ పూసింది. ఆ నీలం ఈ బిడ్డ తప్ప ఇంకెవురూ పూయలేరు."

చెంగమ్మ తల ఎత్తింది. పొద్దుటి నుంచీ ఆ పిల్ల మొహంలో వెలుగు చూడటం అదే మొదలు.

"ఒక బొమ్మకు ఒక్కరే కళాకారుడండీ" అన్నాడతను. "రిజిస్టరులో ఒకటే గడి. మిగతావాళ్ళు సహాయకుల కిందికి వస్తారు, వాళ్ళ పేర్లు వేయం. మీ ఒక్కరి పేరు ఉంచండి, రేపే పైకి పంపిస్తాను."

"నాయనా, నీదన్నా రాయించుకో" అంది చెంగమ్మ మెల్లగా.

ఆయన కాగితం వెనక్కి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అట్లయితే నాది కూడా వద్దులే సామీ" అని లేచాడు. నేను ఇంకో పావుగంట అరిచాను. గడి పక్కన ఇంకో రెండు గీతలు గీయడానికి ఏం రోగమని అడిగాను. పైనుంచి ఉత్తర్వు రావాలన్నాడు. ఆ ఉత్తర్వు కోసం నేను రాసిన మూడు ఉత్తరాలకూ ఇవాళ్టిదాకా జవాబు లేదు.

ఆ భవనం కట్టినవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. ఈ కాలపు కళకు ఒక గది కావాలనుకోవడం గొప్ప సంగతే. కానీ ఆ గదికి తలుపు ఒక్క మనిషి పట్టేంత పెట్టారు. ఒక ఇల్లంతా కలిసి చేసిన పని అందులో పట్టకపోతే దాన్ని కిందికి తోసి, పాతదని చీటీ అంటించి, చేసినవాళ్ళను బతికుండగానే లేకుండా చేశారు. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది. ఫారం నింపిన రోజు నేను రాసిందీ మునిరత్నం అన్న పేరొక్కటే. మిగతా ఇద్దరి సంగతి అడగాలని నాకే తోచలేదు. చెంగమ్మ సోమవారం నాడు రేణిగుంటలో పనికి చేరింది. మునిరత్నం అన్న మాట తప్పలేదు, అడ్డం రాలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో నీలం పూసే చెయ్యి లేదు.

వెళ్ళదలచుకున్నవాళ్ళకు ఒక్క సలహా. గేటు దగ్గర పెన్ను తీసుకుంటారు గానీ పెన్సిలు అడగరు, ఒకటి వెంట ఉంచుకోండి. కింది హాల్లో ఎడమవైపు, దీపపు సెమ్మెల పక్కన ఆ చీటీ గోడకే అంటించి ఉంటుంది. "తెలియదు" అన్న మాట కింద ఆ రోజు నేను మూడు పేర్లు రాసి వచ్చాను. మీరు వెళ్ళేసరికి చెరిపేసి ఉంటే మళ్ళీ రాయండి. వరస తప్పకండి. ముందు గురవమ్మ, తర్వాత మునిరత్నం, తర్వాత చెంగమ్మ.