తోడికోడలి మాత్ర

ఆ ఇంట్లో కోడళ్లిద్దరికీ షుగరే. అత్తగారు పోయి ఏళ్లయినా వాళ్లు పెద్దకోడలు, చిన్నకోడలుగానే మిగిలిపోయారు. అన్నదమ్ములిద్దరూ లారీల మీద ఊళ్లు తిరుగుతుంటే, వీళ్లిద్దరూ ఒకే లాండ్రీలో పనిచేసేవారు. హోటళ్ల దుప్పట్లు ఉతికి, వేడి రోలర్ల మధ్య ఆరబెట్టి, మడతపెట్టి పంపే చోటు అది. ఇటువైపు నుంచి పెద్దకోడలు తడి దుప్పటి అందిస్తే, అటువైపు చిన్నకోడలు నున్నగా ఆరి వచ్చినదాన్ని పట్టుకునేది. ఒకటే ఆవిరి, మోత. ఒకరి మాట ఒకరికి వినపడాలంటే గొంతు చించుకోవాలి. అయినా చిన్నకోడలి నోరు మూతపడేది కాదు.

పెద్దకోడలికి ఆ మధ్య అన్నిటి మీదా విసుగు పుట్టింది. తీపి మానింది, వేపుళ్లు మానింది. అయినా రక్తపరీక్ష చేయించిన ప్రతిసారీ కొవ్వు ఎక్కువుందనే మాటే. "నూనె తగ్గించండమ్మా" అని డాక్టరు అన్నప్పుడల్లా, ఇంకేం తగ్గించాలి, ఊపిరి ఒక్కటే మిగిలింది అనుకునేది. గుండె కాస్త బలహీనంగా ఉంది, జాగ్రత్త అని ఆయన అంతకుముందే చెప్పాడు. నిలబడి పనిచేసేవాళ్లలో గట్టి గుండె ఎవరికుంటుందిలే అని ఆ మాట పక్కన పెట్టేసింది.

అదే రోజుల్లో, ఇద్దరినీ చూసే ఆ డాక్టరే చిన్నకోడలికి షుగరు మాత్ర మార్చాడు. ఆమె కొన్నాళ్లు వాడి, పరీక్ష చేయించుకుని ఎగురుకుంటూ వచ్చింది.

"అక్కా, షుగరుతో పాటు కొవ్వు కూడా బాగా దిగిందంట! అంతా ఈ కొత్త మాత్ర మహిమేనంట."

పెద్దకోడలు చేతిలో తడి దుప్పటితో అలాగే నిలబడిపోయింది.

"నాకూ అవి కాసిని ఇవ్వవే."

"డాక్టర్ని అడక్కుండానా?"

"అడిగితే మళ్లీ నూనె సంగతే ఎత్తుతాడు. ఇద్దరిదీ ఒకటే రోగం కదే, మాత్ర వేరెందుకవుతుంది?"

చిన్నకోడలు కాదనలేకపోయింది. తనకని కొనుక్కున్న మాత్రల్లోంచే అక్కకూ పంచుతూ వచ్చింది.

కొన్నాళ్లకు పెద్దకోడలి చెప్పులు బిగుతయ్యాయి. వేడికి పాదాలు ఉబ్బాయనుకుంది. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. పడుకుంటే ఊపిరాడక లేచి గోడకానుకుని కూర్చునేది. ఒకరోజు రోలర్ దగ్గర దుప్పటి అందించబోయి, అందించలేక, అక్కడే కూలబడింది. చిన్నకోడలు మిషన్ ఆపించి, ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగు తీసింది.

డాక్టరు పెద్దకోడలి కాలి మీద వేలితో నొక్కాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"కొత్తగా ఏమైనా మందు వాడుతున్నారా?"

పెద్దకోడలు కళ్లు మూసుకుంది. చిన్నకోడలే పర్సులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది.

రక్తపరీక్ష వచ్చాక డాక్టరు నిట్టూర్చాడు. "కొవ్వు తగ్గింది. నిజమే, ఈ మాత్ర షుగరుతో పాటు ట్రైగ్లిజరైడ్లనూ దించుతుంది, మంచి కొలెస్ట్రాల్‌ని కొంచెం పెంచుతుంది. కానీ ఒంటికి నీరు పట్టిస్తుంది. ఆవిడ గుండె తట్టుకుంటుంది, మీ గుండె తట్టుకోలేదు. అందుకే మీకు రాయలేదమ్మా."

"ఆ ముక్క అప్పుడే చెప్పుంటే..." అనబోయి ఆగింది పెద్దకోడలు. అడిగి ఉంటే కదా చెప్పడానికి.

నీరు దిగడానికి మందిచ్చారు. కొవ్వుకు విడిగా ఇంకో మాత్ర రాశారు. దానివల్ల షుగరు ఒకింత పెరగొచ్చు, కంగారుపడి మానేయొద్దు అని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఒకటి దించితే ఇంకొకటి లేస్తుంది, ఈ ఒంటితో ఎన్నని వేగేది అనుకుంటూనే ఆమె తలూపింది.

బయటికొచ్చాక చిన్నకోడలు వరండాలో బెంచీ మీద కూర్చుని ఏడ్చేసింది.

"నేనే నిన్ను చంపేసేదాన్నక్కా."

"ఊరుకోవే. ఇవ్వమని నీ ప్రాణం తీసింది నేను. పాపం, నువ్వు ఇచ్చావంతే." ఓదార్చే ఓపిక కూడా లేదు పెద్దకోడలికి. చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి పక్కనే కూర్చుంది.

నీరు దిగాక తిరిగి పనిలోకి వెళ్లింది గానీ, లాండ్రీ యజమాని ఆమెను రోలర్ దగ్గర నిలబెట్టలేదు. లోపలి గదిలో కూర్చుని దిండు గలేబులు మడతపెట్టమన్నాడు. అక్కడ మోత లేదు, ఆవిరి లేదు. మాట్లాడేవాళ్లూ లేరు. మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం చిన్నకోడలు డబ్బా పట్టుకుని వచ్చి పక్కన కూలబడేది.

"కొత్తగా వచ్చిన మనిషి దుప్పటి వంకరగా అందిస్తోందక్కా. చేతులు పడిపోతున్నాయి."

"నాలుగు రోజులు పోతే అలవాటవుతుందిలే," అంది పెద్దకోడలు, మాత్రలు మింగి నీళ్లు తాగుతూ.