అత్త నాలుకా, జపాన్ సెన్సరూ

మా ఇంజనీరింగ్ కాలేజీ గుడివాడ దగ్గర వరిచేల మధ్య ఉండేది. అందులో ఎలక్ట్రానిక్స్ ల్యాబు ఉండేది. ఎలక్ట్రానిక్స్ మాత్రం కంప్యూటర్లో ఉండేవి. దొంగ కాపీ సాఫ్ట్‌వేరులో వైర్లు కలిపితే తెరమీద దీపాలు వెలిగేవి, మోటార్లు తిరిగేవి. తప్పు కలిపినా పొగ వచ్చేది కాదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా షాక్ కొట్టించుకోకుండా ఇంజనీర్లమైన ఘనత మాది.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి నేను రొయ్యల చెరువులో ఉప్పదనం పెరిగితే గంట కొట్టే యంత్రం ఎంచుకున్నాను. కారణం మా మేనత్త. అవనిగడ్డ అవతల మా ఊళ్ళో ఒక ఆసామి చెరువు దగ్గర పనిచేసేది. రోజూ పొద్దున్నే దోసిట్లో నీళ్ళు తీసుకుని, నాలుకమీద వేసుకుని, ఊసేసి, చెరువుకి మంచినీళ్ళు పెట్టాలో అక్కర్లేదో చెప్పేది. ఆసామి ఆ మాట ప్రకారమే మోటారు వేయించేవాడు.

సాఫ్ట్‌వేరులో ఉప్పు సెన్సరు లేదు. మా ల్యాబు సారు ఉపాయం చెప్పారు. సెన్సరు చేసేదల్లా ఒక తీగమీద అంకెల్ని ఒకదాని వెనక ఒకటి పంపడమేనట, దాన్నే సీరియల్ అంటారట. అంకెలు ఒక ఫైల్లో రాసిపెడితే సెన్సరు పంపినట్టే సర్క్యూట్‌కి అందుతాయట. అవి ఎక్కడివని సాఫ్ట్‌వేరు అడగదు.

నా స్నేహితులు తమ ప్రాజెక్టులకి తోచిన అంకెలు వేసుకున్నారు. నేను మాత్రం రోజూ చెరువు పక్క కిళ్ళీకొట్టుకి ఫోన్ చేసి అత్తని పిలిపించి, ఆ రోజు ఉప్పెంతో అడిగేవాణ్ణి. సీరియల్ సంగతి చెబితే, టీవీలో వచ్చేదాన్లాగా రోజుకింత చెప్పాలన్నమాట అంది. ఒకరోజు పప్పుచారంత అనేది, ఒకరోజు ఉప్పుచేప కడిగిన నీళ్ళంత అనేది. నేను పప్పుచారుకి పది, ఉప్పుచేపకి ముప్పై వేసుకునేవాణ్ణి. నిన్నటిమీద చిటికెడు ఎక్కువంటే ఒకటి కలిపేవాణ్ణి.

నెల తిరిగేసరికి అత్త తన మనసులో ఉన్నది చెప్పింది. ఆసామి ఉప్పు కొలిచే మీటరు కొంటానంటున్నాడట.

"నా నాలుక చెప్పేది ఖాయమని మీ పెద్దసారు చేత కాగితం మీద ఒక ముక్క రాయించరా అబ్బాయ్. చదువుకున్నోళ్ళ మాటైతే ఇంటాడు," అంది.

అదెంత పని అన్నాను.

ప్రాజెక్టు మీద ప్రశ్నలడిగి మార్కులు వేసే వైవాకి బందరు నుంచి ఒక పెద్దసారు వచ్చారు. మిగతావాళ్ళ అంకెలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఎక్కుతుంటే ఆవలించారు. నావి చూసి కళ్ళజోడు సర్దుకున్నారు. వానపడ్డ రోజు తగ్గడం, ఎండకి మెల్లగా పెరగడం చూసి, ఇది అసలైన సెన్సరు పని, కూర్చుని వండినది కాదని మా సార్లకి చూపించారు.

"ఏ కంపెనీదయ్యా?" అన్నారు.

నిజం నోటిదాకా వచ్చింది. పక్కన మా సార్లు, వెనక క్లాసంతా. మా మేనత్త అంటే నవ్వుతారని భయమేసింది. జపాన్ది సార్ అన్నాను. ఆయన తల ఊపి, నా రిపోర్టు మీద ఆ మాట స్వయంగా రాసి, కచ్చితమైనదని కూడా చేర్చి సంతకం పెట్టారు. క్లాసులో నాకే ఎక్కువ మార్కులు.

ఆ రిపోర్టుని మా నాన్న ఊరంతా తిప్పాడు. ఆసామీ చదివాడు. జపాన్ సెన్సరు మన చెరువుని ఇంత బాగా పట్టేసిందా అని మురిసిపోయి, ఆ వారమే మీటరు తెప్పించాడు. అత్తని రేపటినుంచి రావద్దన్నాడు.

నేను సెలవులకి వెళ్ళేసరికి ఆవిడ మా అరుగుమీద ఖాళీగా కూర్చుని ఉంది. తను రోజూ ఫోన్లో చెప్పినవి ఎందుకూ పనికిరాలేదు కాబోలు అనుకుంటోంది. నేను నిజం చెప్పి కాళ్ళమీద పడవలసింది, పడలేదు. ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఆ జపానోళ్ళది నోట్లో పోసుకోదంటగా. మరి ఉప్పెంతో ఎట్టా తెలుసుద్దిరా దానికి?"