సరోజ రెండో బతుకు

ఈ ఉదయం కోర్టు వరండాలో ఎవరో టిఫిన్ డబ్బా మూత తీశారు. ఎర్రకారం దోశ వాసన గుప్పుమంది. అంతే, రూతమ్మ మేడం వచ్చి పక్కన కూర్చున్నట్టే అయింది. ప్రొద్దుటూరులో నేను నల్లకోటు తొడిగిన కొత్తలో ఆమె నా సీనియర్. సొంత ఊరు జమ్మలమడుగు. పెద్ద గొంతు, దోశ తింటూనే కేసు గురించి వాదించే అలవాటు. ఆమె చెప్పిన సెక్షన్లు సగం మరిచిపోయాను గానీ, ఒక్క కేసు మాత్రం ఇప్పటికీ నన్ను తికమక పెడుతూనే ఉంది.

ఒకరోజు పులివెందుల నుంచి ఓబులేసు సారు వచ్చాడు. రిటైరైన తెలుగు పంతులు, జీవితంలో ఒకే ఒక్క నవల రాశాడు. అందులో సరోజ అనే పిల్ల పదో తరగతి పరీక్షల ముందు జ్వరంతో చనిపోతుంది. వేముల దగ్గరి పల్లెలో డిగ్రీ చదివే భారతి ఆ నవల చదివి, సరోజను బతికించి, నర్సు ఉద్యోగం ఇప్పించి, ఫోన్లో కథల యాప్‌లో పెట్టేసింది. నచ్చిన కథను ఇలా సొంతంగా పొడిగించి రాయడాన్ని ఇప్పటి పిల్లలు ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. "దాన్ని తీసేయించండి మేడం, ఒప్పుకోకపోతే కేసు పెట్టండి" అని చెప్పి సారు వెళ్లిపోయాడు. నేను హుషారుగా నోటీసు మొదలుపెట్టాను.

"ఏం రాస్తాండావప్పా?" అంది మేడం.

"కాపీరైటు నోటీసు మేడం. అడక్కుండా ఆయన పాత్రను వాడుకుంది."

"ఆ పాప రాసింది చదివినావా?"

"చదివేదేముంది మేడం? దొంగతనమే కదా!"

"చదవకుండానే దొంగను చేసినావే! మా చర్చిలో క్రిస్మస్ నాటకం ఏటేటా నేనే రాస్తా. ఏసు పుట్టిన పసుల పాకలోకి ఉడుకునీళ్లు తెచ్చిచ్చే సత్రమోని పెండ్లాన్ని నేనే పుట్టించినా. అసలు కతలో ఆయమ్మ యాడుంది? నన్ను గూడా జైల్లో ఏస్తావా?"

"అది పాత కథ మేడం, హక్కుదారుడంటూ ఎవరూ లేరు. దీనికి ఉన్నాడు."

"అదీ నిజమే గదప్పా" అంటూ ఆమె తల గోక్కుంది. పాత్ర అచ్చంగా రచయిత సొత్తేనా, సంపాదన కోసం రాయకపోతే తప్పు కాకుండా పోతుందా అని ఇద్దరం పుస్తకాలు తిరగేశాం. ఒకచోట అవునన్నట్టు, ఇంకోచోట కాదన్నట్టు కనిపించింది. నా బుర్ర వేడెక్కిందే తప్ప జవాబు దొరకలేదు. చివరికి మేడం రెండు పక్షాలనూ ఆఫీసుకు పిలిపించింది.

భారతి తండ్రితో వచ్చింది. ఆయన కూర్చోలేదు. "కూలికి పోయేటోళ్లం మేడం. ఫోన్లో కత రాసినా జైలేనా?" అన్నాడు. పాపం, ఆ పిల్ల తండ్రి వెనకాల నక్కింది.

"జైలూ గియిలూ తర్వాత. ముందు చదువు పాపా, సారు ఇనాల" అంది మేడం.

భారతి ఫోన్ తీసి చదివింది. సరోజ తెల్లబట్టలు వేసుకుని మొదటిరోజు డ్యూటీకి పోతుంటే, తండ్రి బస్సు దాకా వచ్చి కిటికీలోంచి అన్నం క్యారియర్ అందిస్తాడు. అక్కడికి వచ్చేసరికి సారు టేబుల్ అంచు పట్టుకున్నాడు.

"సరోజ నా కూతురమ్మా. నిజం కూతురు. నవల్లో పేరు గూడా మార్చలే" అన్నాడు.

భారతి భోరుమంది. "నాకు తెల్దు సారూ! సచ్చిపోయిందని శానా ఏడ్సినా. తట్టుకోలేక బతికించుకున్నా."

మేడం ఆ పిల్ల ముందుకు నీళ్ల గ్లాసు జరిపింది. సారు లేచాడు. "అది తీసేయ్ పాపా. ఊరంతా చదివేది నాకొద్దు." గుమ్మం దాకా పోయి ఆగాడు. "తీసేసే ముందు కాగితం మీద రాసి ఒకటి నాకియ్యి. ఇంట్లో మా ఆడమనిషికి చదివి ఇనిపించాల."

వాళ్లు వెళ్లాక అడిగాను: "ఆ పిల్ల చేసింది తప్పా, ఒప్పా మేడం?"

"నాకు తెల్దప్పా" అంది ఆమె. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మళ్లీ అదే మాట అంది.

ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను, నాకూ తెలియదు. తీసేయమన్న తండ్రిది న్యాయమే. ఆ కథ విన్న సరోజ తల్లి ఏమనుకుందో ఊహిస్తే మాత్రం నా వాదనలేవీ నిలబడవు. మేడం పోయి చాలాకాలమైంది. మా వృత్తిలో తెలియదనడం పరువు తక్కువ అనుకుంటారు. క్లయింటు కళ్లలోకి చూసి నేనిప్పుడు ఆ మాట అనగలుగుతున్నాను.