థీమ్ మేడం చదివిన కాగితం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ మెట్లెక్కినా ఏదో ఒక కోచింగ్ క్లాసులో తేలతాం. అలాంటి ఒక మూడో అంతస్తులో రెబెక్క పదిహేడేళ్లుగా పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లిష్ చెబుతోంది. పిల్లలు ఆమెను వెనకాల థీమ్ మేడం అంటారు. ముందర అనే ధైర్యం ఇంతవరకు ఎవరికీ లేదు.

పేరా ఇచ్చి దాని థీమ్ ఏమిటని అడగని పరీక్ష ఉండదు. ప్రధాన విషయం అని డిక్షనరీ ఒక ముక్కలో తేల్చేస్తుంది. రెబెక్కకు అది చాలదు. పేరాలో మాటలన్నీ దేని చుట్టూ తిరుగుతున్నాయో అదే థీమ్ అని, దాని పేరు ఎక్కడా కనిపించకపోయినా ప్రతి వాక్యం దాని పనే చేస్తుంటుందని గంటసేపు చెప్పేది. పెళ్లి ఫొటోలకూ ఫోన్ తెరకూ ఆ మాట తగిలించే జనాన్ని చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. సోకుకూ సారానికీ తేడా తెలియదా అని క్లాసులోనే దులిపేసేది.

ఇంత చెప్పి, చివరికి కిటుకు చెప్పేది. పరీక్షలో టైముండదు కాబట్టి మొదటి వాక్యం, చివరి వాక్యం చదవాలి. మధ్యలో ఉండేవి ఉదాహరణలే. ఆ కిటుకుతో చాలామంది ఉద్యోగాలు కొట్టారు, స్వీట్లు పట్టుకొచ్చి కాళ్లకు మొక్కారు. ఆమెకు అది కాస్త తలకెక్కింది. ఎవరికి ఎక్కదు?

తల్లి పెంటమ్మ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బత్తాయిలు ఏరి కూతుర్ని చదివించింది. ఒక్కో కాయనూ నాలుగు వైపులా తిప్పి చూడనిదే గంపలో వేసేది కాదు. మార్కెట్ అక్కణ్నుంచి తరలిపోయాక ఎల్బీనగర్‌లో కూతురి కిరాయి ఇంట్లోనే ఉంటోంది. తనకు అక్షరం ముక్క రాదు. వాడకట్టులో ఎవరింటికి ఇంగ్లిష్ కాగితం వచ్చినా, నా బిడ్డ సదువుతదని లాక్కొచ్చేది.

నిరుడు వానాకాలంలో పెంటమ్మ బస్సు దిగుతూ జారిపడింది. పక్కింటి జ్యోతి దవాఖానకు తీసుకెళ్లి ఛాతీ స్కాన్ తీయించింది. సాయంత్రం క్లాసు నుంచి వచ్చిన రెబెక్క, భుజాన సంచి దింపకుండానే రిపోర్టు అందుకుంది. ఫలానా ఆమె కిందపడి వచ్చిందని మొదటి వాక్యం. పక్కటెముకలు విరగలేదని చివరి వాక్యం. పదిహేడేళ్ల అలవాటు, కళ్లు వాటంతటవే పని ముగించాయి.

"ఏం లేదమ్మా, బొక్కలు మంచిగనే ఉన్నయి," అంది. పెంటమ్మ ఆ కాగితాన్ని మడతపెట్టి బీరువాలో దాచింది.

ఈ ఏడు ఎండాకాలానికి దగ్గు పట్టుకుంది. మనిషి సగమైంది. ఒకరోజు దగ్గులో రక్తం పడింది. ఊపిరితిత్తిలో గడ్డ లేచి కాలేయానికి కూడా పాకిందని, ఇప్పుడిక నొప్పి తగ్గించడం తప్ప చేయగలిగింది లేదని కొత్త డాక్టరు రెబెక్కను పక్కకు పిలిచి చెప్పాడు. పాత రిపోర్టు తిరగేసి, మధ్యలో ఒక వాక్యం కింద పెన్నుతో గీత గీశాడు. కుడి ఊపిరితిత్తిలో చిన్న మచ్చ ఉంది, మూడు నెలల్లో మళ్లీ స్కాన్ తీయించాలి. ఇది చూడలేదా అని ఆయన మామూలుగానే అడిగాడు.

నాలుగు రోజులు తల్లికి చెప్పకుండా నెట్టుకొచ్చింది. చెప్పకపోతే పెంటమ్మకు ఎప్పటికీ తెలియదు, ఆ గీత ఆమెకు ఉట్టి గీతే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా రెబెక్కకు తన మీద తనకే అసహ్యం వేసేది. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, మంచం పక్కన కూర్చుని, కాగితం విప్పి మొదటి అక్షరం నుంచి చివరిదాకా తెలుగులో చదివింది. నిరుడు ఈ నడుమ మాట చదవలేదని, ఆ మచ్చే ఇప్పుడింత గడ్డయిందని, తప్పు తనదేనని చెప్పి ఏడ్చింది.

పెంటమ్మ కూతురి తల మీద చెయ్యి వేసింది.

"నేను పడ్డ దినమే ఆ డాక్టరు కూసోబెట్టి చెప్తనన్నడు బిడ్డా. నేనే వద్దన్న. నా బిడ్డ ఇంగ్లిష్ టీచరు, ఇంటికి పోయి సదివిపిచ్చుకుంటనన్న."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. కూతురి చదువు మీద అప్పటి గర్వమే ఇంకా ఉంది. ఆమె తిట్టినా బాగుండేదని రెబెక్కకు అనిపించింది.