దొరకలేదని చెప్పిన ఫిల్ము

2016 వేసవిలో మా యూనివర్సిటీ వాళ్లు పాత ఫుట్‌బాల్ స్టేడియంలో తూర్పు వైపు స్టాండ్లు పడగొట్టి కొత్తవి కట్టడానికి సిద్ధమయ్యారు. ఆ స్టాండ్ల కింది గదుల్లో ఎన్నో ఏళ్ల సామాను పేరుకుని ఉంది. పనికొచ్చేవేవో, పారేయాల్సినవేవో తేల్చమని మా విభాగానికి అప్పగించారు. మాది ఆర్కైవ్స్. యూనివర్సిటీకి చెందిన పాత కాగితాలు, ఫొటోలు, ఫిల్ములు భద్రపరిచే చోటు. అమెరికాలో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లోని మా అపార్ట్‌మెంట్ నుంచి గంట డ్రైవ్. హైదరాబాద్‌లో లైబ్రరీ సైన్సు చదివి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి మళ్లీ మాస్టర్స్ చేసి, ఆ ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగేళ్లయింది.

ఇక్కడి ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. టెక్సస్‌లో యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడం కష్టం. సీజన్‌లో శనివారం వచ్చిందంటే ఊరంతా ఒకే రంగు చొక్కాల్లో ఉంటుంది. మా జట్టుది వందేళ్లు దాటిన చరిత్ర. చెక్క బెంచీల మీద కూర్చుని చూసిన తొలి ఆటలు, ఒక్క ఓటమీ లేని సీజన్, జాతీయ స్థాయిలో పేరు మోగిన రోజులు, ఇక్కడ ఆడి ప్రొఫెషనల్ లీగులకు వెళ్లిన కుర్రాళ్లు, కాంస్య విగ్రహంగా నిలబడ్డ కోచ్. ఆ చరిత్ర అంతా చూపించే పెద్ద హాలు ఒకటి కొత్త స్టేడియంలో కడుతున్నారు. దానికి కావలసిన ఫిల్ములు ఏరే బాధ్యత నాది. ఆట నియమాలే తెలియని నేను ఆ వేసవంతా పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. ఏ ఏడాది ఏ జట్టును ఓడించామో అడిగితే తడుముకోకుండా చెప్పేదాన్ని. మా ఆయన శ్రీధర్‌కి కూడా అప్పచెప్పేదాన్ని.

గదుల్లో దొరికిన ఫిల్ము డబ్బాలు వందల్లో ఉన్నాయి. కోచ్‌లు ఆట మర్నాడు ఆటగాళ్లను కూర్చోబెట్టి తప్పొప్పులు చూపించడానికి తీయించిన నలుపు తెలుపు ఫిల్ములవి. శబ్దం ఉండదు. పై నుంచి మైదానం మొత్తం కనిపించేలా తీస్తారు. చాలా డబ్బాలు మూత తీస్తే ఘాటుగా పులుపు వాసన కొట్టేవి. ఫిల్ము చెడిపోవడం మొదలైందని దానర్థం, దాన్ని వెనిగర్ సిండ్రోమ్ అంటాం. ఒక ఫిల్ముకు పట్టుకుంటే పక్కవాటికీ అంటుకుంటుంది. అన్నిటినీ డిజిటల్‌గా మార్చే వీలు లేదు. కాబట్టి ఏవి ఉంచాలో ఒక పద్ధతి ఉండాలి. అది ఒక పేజీలో నేనే రాశాను. ఛాంపియన్‌షిప్ సీజన్లు, పేరున్న కోచ్‌ల కాలం, పెద్ద పోటీలు, గొప్ప విజయాలు ఉంచాలి. ఓడిపోయిన సీజన్లవి, అందులోనూ వాసన పట్టినవి, తీసేయాలి. మా పై అధికారి చదివి చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకున్నారు. తీసేసే జాబితా మీద ప్రతి పేజీ కిందా నేను సంతకం పెట్టాను. ఆగస్టులో లారీ వచ్చి తీసుకుపోయింది.

మరుసటి ఏడాది వసంతంలో హాలిస్ గారు వచ్చారు. డెబ్బై ఏళ్ల నల్లజాతి పెద్దమనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో టోపీ, కుడి కాలు కొంచెం ఈడుస్తూ నడక. వెంట ఆయన భార్య లోరేన్. రిజిస్టరులో పేరు రాయడానికి జేబులోంచి భూతద్దం తీసి, కాగితం మీదికి బాగా వంగారు. కళ్లు మసకబారుతున్నాయని, డాక్టరు జాగ్రత్తగా ఉండమన్నారని లోరేన్ నాతో నెమ్మదిగా చెప్పింది.

ఆయన మా జట్టులో ఆడిన తొలి నల్లజాతి విద్యార్థి. ఆ ఏడాది జట్టులో ఆయన ఒక్కరే. ఆడింది ఒకే సీజన్, అందులో జట్టు దాదాపు అన్ని ఆటలూ ఓడిపోయింది. లాకర్ రూములో ఆయన పక్క బెంచీ మీద ఎవరూ కూర్చునేవారు కాదట. ఈ సంగతులన్నీ కోపం లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. ఆయనకు కావలసింది చివరి ఆట ఫిల్ము. పశ్చిమ టెక్సస్‌లోని ఒక యూనివర్సిటీతో, జోరు వానలో జరిగిన ఆట. అవతలి జట్టు తన్నిన బంతిని పట్టుకుని ఎదురు పరుగెత్తడాన్ని కిక్‌ఆఫ్ రిటర్న్ అంటారు. మామూలుగా పాతిక గజాలు పోయేసరికి పట్టి పడేస్తారు. ఆయన ఆ రోజు మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్లారు. అదే ఆటలో తర్వాత మోకాలు విరిగింది. మర్నాడు మిగతావాళ్లు ఫిల్ము చూస్తుంటే ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. మళ్లీ ఆడలేదు.

జట్టు రికార్డు పుస్తకం తెరిచి చూశాను. ఆ రిటర్న్ ఉంది, పక్కన వేరే ఆటగాడి పేరుంది. ఆ మాటే ఆయనతో అన్నాను.

"తెలుసు మేడమ్. చొక్కాలన్నీ బురద. పైన కూర్చుని రాసుకునేవాళ్లకు నంబర్లు కనబడి ఉండవు. ఆ పేరు సంగతి పోనీండి," అన్నారు. "నేను పరుగెత్తడం నేను ఒక్కసారి చూసుకోవాలి. కళ్లు ఉండగానే."

ఆ రోజు గురించి ఆయనకు బాగా గుర్తున్నది ఒంటరితనం. ముందు అడ్డుకునేవాళ్లే తప్ప, వాళ్లను గుద్ది పడేసి తనకు దారి చేసే సొంత జట్టువాళ్లెవరూ లేరని, తన కోసం ఎవరూ ఒళ్లు వంచలేదని, ఒక్కడినే పరుగెత్తానని చెప్పారు. నేను రెండు రోజుల గడువు అడిగాను.

రెండు రోజులు అక్కర్లేదు. వాళ్లు వెళ్లిన పది నిమిషాలకే నాకు తెలిసిపోయింది. తీసేసిన ఫిల్ముల జాబితాలో ఆ ఏడాది, అవతలి జట్టు పేరు, పక్కన "తీవ్రమైన వాసన, ఓడిన సీజన్" అని నా చేతిరాత. పేజీ కింద నా సంతకం.

గడువు ప్రకారం ఫోన్ చేశాను. చేసే ముందు ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను కూడా. పారేశామనే రాసుకున్నాను. ఆయన గొంతు వినేసరికి నోటికి వేరే మాట వచ్చింది.

"క్షమించండి మిస్టర్ హాలిస్, ఆ ఫిల్ము దొరకలేదు."

"పర్వాలేదు మేడమ్. వీలున్నప్పుడు ఇంకోసారి చూస్తారా?"

చూస్తానన్నాను.

ఇంటికి వచ్చాక శ్రీధర్‌తో చెప్పాను. అతను తేలిగ్గా తీసుకున్నాడు. "ప్రాసెస్ ఫాలో అయ్యావు, మేనేజర్ అప్రూవ్ చేసింది. నీ తప్పేముంది? ఊరికే ఫీలవకు," అన్నాడు. పారేసినందుకు కాదు, దొరకలేదన్నందుకు అని నేనంటే, రెండింటికీ ఆయనకేమిటి తేడా, ఎలాగూ చూడలేడు కదా అన్నాడు. అప్పుడు ఆ మాట నాకూ సబబుగానే తోచింది. తేడా ఏమిటో తెలిసొచ్చేసరికి రెండేళ్లు పట్టింది.

హాలిస్ గారు రెండు మూడు నెలలకోసారి ఫోన్ చేసేవారు. ఎప్పుడూ నిష్ఠూరం లేదు. ఏమైనా కనిపించిందా అని అడిగేవారు, ఇంకా లేదనేదాన్ని. మొదట్లో ఆయనే చేసేవారు. కొన్నాళ్లకు లోరేన్ నంబరు కలిపి ఫోన్ ఆయనకు ఇవ్వడం మొదలుపెట్టింది. అంకెలు కనబడకనే అలా చేస్తున్నారని నాకు తట్టలేదు. తట్టకుండా చూసుకున్నానేమో కూడా.

ఈలోగా చరిత్ర హాలు తెరిచారు. నేను ఏరిన ఫిల్ములు పెద్ద తెరల మీద ఆడుతున్నాయి. అందరూ అభినందించారు. మా ఓటముల్లో ఒక్కటి కూడా ఆ తెరల మీద లేదు.

2019 శరదృతువులో, ఆ పశ్చిమ టెక్సస్ యూనివర్సిటీ ఆర్కైవ్స్ నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. ఆ కాలంలో జట్లు ఒకరి ఫిల్ము కాపీలు ఒకరికి ఇచ్చిపుచ్చుకునేవి. తమ దగ్గరున్న అలాంటి కాపీలను డిజిటల్‌గా మార్చుతుంటే మీతో ఆడిన ఆట ఒకటి బయటపడింది, మీకు కావాలా అని అడిగారు. వీడియో కూడా జత చేశారు.

కాపీలు ఇచ్చిపుచ్చుకునే ఆ అలవాటు నాకు ముందు నుంచీ తెలుసు. ఇది దాచుకోకూడని సంగతి. హాలిస్ గారు వచ్చిన రోజే ఆ యూనివర్సిటీ వాళ్లకు రాసి ఉండవలసింది. రాస్తే మీ కాపీ ఏమైందని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబివ్వడం ఇష్టం లేకే రాయలేదు.

ఆ శనివారం లాప్‌టాప్ తీసుకుని డాలస్ దక్షిణాన ఉన్న వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసింది లోరేన్. హాలిస్ గారు కుర్చీలో కూర్చుని, నా గొంతు వచ్చిన వైపు కాక కొంచెం పక్కకు ముఖం తిప్పి నవ్వారు. ఏడాదిగా పూర్తిగా కనబడటం లేదని అప్పుడు చెప్పింది లోరేన్.

లాప్‌టాప్ తెరవకముందే చెప్పేశాను. దొరకలేదన్నది నిజం కాదని, మా కాపీ ఆయన రావడానికి ముందే పారేశామని, ఏది పారేయాలో రాసింది నేనేనని. లోరేన్ చేతిలో కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది.

"అప్పుడే పారేశామని చెప్పి ఉంటే, అవతలి జట్టువాళ్లను నేనే వెళ్లి అడిగేవాణ్ణి మేడమ్," అన్నారు హాలిస్ గారు. "మీరు వెతుకుతున్నారు కదా అని ఊరుకున్నాను."

క్షమించమన్నాను. ఆయన తల ఊపారు. క్షమించానన్నట్టో, విన్నానన్నట్టో తెలియదు. తర్వాత, "సరే, మీ కళ్లతో చూసి చెప్పండి," అన్నారు.

వీడియో పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. వాన గీతలు గీతలుగా పడుతోందని, బంతి గాల్లోంచి దిగుతోందని, ఆయన దాన్ని పొట్టకు అదుముకుని పట్టుకున్నారని. మోచేతుల కింద ఒంటి రంగు స్పష్టంగా తెలుస్తోంది. ఆ మైదానంలో మా వైపు అలాంటి చేతులు ఆయనవే. ఎడమకు రెండడుగులు వేసి కుడికి తిరిగారని చెబితే ఆయన భుజం అటు కదిలింది. ముప్పై గజాల గీత, నలభై, సగం మైదానం. ఇద్దరు జారిపడ్డారు. ఇక ఒక్కడే మిగిలాడు, ఎదురుగా వస్తున్నాడు.

అక్కడ వీడియో ఆపాను. మళ్లీ వెనక్కి తిప్పి చూశాను.

"ఏమైంది?" అని అడిగారు.

"మీ వెనక నుంచి ఒకతను వస్తున్నాడండీ. మీ జట్టతను. మిమ్మల్ని దాటి ముందుకెళ్లి, ఆ చివరివాణ్ణి ఒంటితో గుద్ది పడేశాడు. ఇద్దరూ బురదలో పడ్డారు. మీరు వాళ్ల మీంచి దూకి వెళ్లిపోయారు."

"నా జట్టతనా?"

"మీ జట్టతనే."

దూకడం గుర్తుందన్నారు. ఎవరో జారిపడ్డారనుకున్నానన్నారు. నంబరు చెప్పమన్నారు. వీపంతా బురద, నంబరు కనబడటం లేదు. నాలుగుసార్లు వేసి చూశాను. ఎలా పరుగెత్తుతున్నాడో చెప్పమన్నారు. కొంచెం ముందుకు వంగి, ఎడమ చెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకుని అన్నాను. కాళ్లు ఎలా వేస్తున్నాడని అడిగారు. నాకు తెలిసిన మాటలన్నీ వాడాను. అవి ఏ మనిషికైనా సరిపోయే మాటలే. ఆయన ముఖంలో ఎవరి పేరూ కదలలేదు.

"వాళ్లందరి పరుగూ నాకు తెలుసు," అన్నారు. "ఏడాదంతా వాళ్ల వెనక బెంచీ మీద కూర్చుని చూసిందదే. కళ్లతో చూసి ఉంటే చెప్పేసేవాణ్ణి."

లోరేన్ లేచి ఆయన వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. నేను లాప్‌టాప్ మూసేశాను.

తర్వాత చేయగలిగినవన్నీ చేశాను. పారేసిన జాబితా సంగతి, నేను చెప్పిన అబద్ధం సంగతి మా పై అధికారికి రాతపూర్వకంగా ఇచ్చాను. ఆ వీడియో సాక్ష్యంగా రికార్డు పుస్తకంలో హాలిస్ గారి పేరు చేర్చారు. హాలులో ఒక తెర మీద ఇప్పుడు ఆ పరుగు కూడా వస్తుంది. ఆ జట్టులో బతికున్న కొందరికి, దారి చేసిన మనిషి బొమ్మ ముద్రించి పంపించాను. ఇద్దరు గుర్తు పట్టలేమని రాశారు. ఇంకొకాయన ఫోన్ చేశాడు. "అది నేనైతే బాగుండునని ఉంది. నేను కాదు. ఆ ఏడాది నేనతనితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు," అని చెప్పి పెట్టేశాడు. మిగతావాళ్లలో చాలామంది అప్పటికే పోయారు. ఆ మనిషి కూడా వాళ్లలో ఉండవచ్చు.

ఇప్పుడు ఆర్కైవ్స్‌లో కొత్తగా చేరేవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ సంగతి మొత్తం చెబుతాను. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న దాంట్లో పొరపాట్లు జరుగుతాయి. అన్నీ ఉంచడం ఎవరివల్లా కాదు. నేను రాసిన పద్ధతి తప్పని ఇప్పుడు తెలుసు కాబట్టి దాన్ని మార్చాం. గెలుపు ఓటములు చూసి ఏదీ తీసేయం. తీసేసిన ప్రతిదాని గురించీ, దాని కాపీ ఇంకెక్కడ ఉండవచ్చో కూడా జాబితాలో రాస్తాం. ఎవరైనా వచ్చి అడిగితే మొదటి మాటగానే పారేశామని చెప్పమంటాను. ఎదుటివాళ్లకు కోపం రావచ్చు, మనకు తల కొట్టేసినట్టుండవచ్చు. కానీ ఇక్కడ లేదని తెలిసిన మనిషి ఇంకో చోట వెతుక్కుంటాడు. హాలిస్ గారికి చూపు ఉన్న రోజుల్లో నేను ఆ మాట చెప్పి ఉంటే, వానలో ఆయన కోసం బురదలో పడిన మనిషి పేరు ఇవాళ మాకు తెలిసి ఉండేది.