అమీర్‌పేట డాబా మీద మంచు సరస్సు

ఇరవై మూడేళ్ళ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ విషయమైనా గ్రంథాలయంలో ఒక పుస్తకంగా దొరుకుతుందనీ, దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివితే ఆ విషయం మనకు వచ్చేసినట్టేననీ. డిగ్రీ రెండో ఏడులో ఆగిపోయినవాణ్ణి కాబట్టి ఈ నమ్మకం నాకు మిగతావాళ్ళకన్నా కాస్త ఎక్కువ అవసరమయ్యేది. అమీర్‌పేటలో అడుగడుక్కీ ఒక కోచింగ్ సెంటరు. వాళ్ళు బోర్డులు పెట్టి ముప్పై రోజుల్లో నేర్పేవన్నీ నేను గ్రంథాలయంలో ఫ్యాను కింది బల్ల చూసుకుని ఒక్కణ్ణే నేర్చుకునేవాణ్ణి (ఈత కూడా అలాగే నేర్చుకున్నాను. ఇప్పటికీ నీళ్ళలోకి దిగలేదు).

అప్పుడు నేనుండేది పెదనాన్న ఇంట్లో. మా నేత ఊళ్ళో మగ్గాలు మూలపడ్డాక ఆయన అమీర్‌పేటకు వచ్చి టైలర్ దుకాణం పెట్టుకున్నాడు. కింద దుకాణం, పైన ఇల్లు, ఆ పైన డాబా. డాబా మీద నిలబడితే మెట్రో రైలు మన ముఖం మీదుగా పోతున్నట్టే ఉండేది. నేను రోజూ పంజాగుట్టలో ఒక ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. అక్కడ నా పని ఏమిటో చెబితే మా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. అమెరికాలో చేపల గాలాలు, దారాలు అమ్మే ఒక కంపెనీకి జనం రాసే మెయిళ్ళకు పంజాగుట్టలో కూర్చుని జవాబులివ్వడం. వాళ్ళు పగలంతా రాసినవి మాకు పొద్దున్నే వచ్చి పడి ఉండేవి. జవాబులు కూడా ముందే తయారుగా ఉండేవి. గాలం వంగిందంటే నాలుగో నంబరు జవాబు, దారం తెగిందంటే ఏడో నంబరు. నంబరు వెతికి, పేరు మార్చి పంపితే చాలు. మా టీమ్ లీడర్ మేడం కోస్తా ఆవిడ, చాలా మర్యాదస్తురాలు. "మీరేమీ ఆలోచించక్కర్లేదండీ" అని మొదటిరోజే నాకు అభయమిచ్చారు.

ఆలోచించకుండా ఉంటే నేను నేనెందుకవుతాను? ఆ కంపెనీ ఉన్న వైపు చలికాలంలో సరస్సులు గడ్డకట్టి, మనుషులు వాటి మీద నడుస్తారని, ఆ గడ్డకు బొక్క పెట్టి, పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చేపలు పడతారని తెలిసిన రోజున నాకు నిద్ర పట్టలేదు. గ్రంథాలయంలో గాలించగా ఒక పాత అట్ట పుస్తకం దొరికింది. లోపల అతికించిన చీటీలో చివరి ముద్ర నేను పుట్టకముందుది. ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు కదా అంటారు మీరు. చూశాను. నలుగురు నాలుగు రకాలుగా చెప్పి, కింద తిట్టుకుంటున్నారు. పుస్తకం ఒక్కటే మాట చెబుతుంది, తిట్టుకోదు. ఇంతకీ అందులో 'చిన్న చేపల ఎర' అని ఒక అధ్యాయం ఉంది. పెనంలో సరిపోయేంత చిన్న చేపలు కొన్నుంటాయట, వాటిని వాళ్ళు పెనం చేపలనే పిలుస్తారు. చలికి వాటి ఆకలి మందగించి, ఎర ముక్కు ముందుకొచ్చినా వాసన చూసి వదిలేస్తాయట. అలాంటి పేచీకోరు వాటికి మన పరిగెల్లాంటి బుల్లి చేపను, బతికుండగానే, వీపు రెక్క కింద సన్నగా గాలానికి గుచ్చి దించాలట. అది ఈదుతూ ఉంటే పెద్దదానికి మనసు పుడుతుందట. ఆ అధ్యాయం నేను నాలుగుసార్లు చదివాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర డబ్బా మూత తీసి ఇతరులకు కూడా వినిపించాను (నా బల్ల మెల్లగా ఖాళీ అయ్యేది).

సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన మెయిలు వచ్చింది. మీ గాలం కొన్నాను, చేపలు ముట్టడం లేదు, ఏం చెయ్యమంటారు అని రెండు ముక్కలు. పదకొండో నంబరు జవాబు పంపాల్సింది. నేను పేజీన్నర రాశాను. రాసి ఊరుకున్నానా? "మంచు మీద నా అనేక సంవత్సరాల అనుభవంలో" అని మొదలుపెట్టాను. అప్పటిదాకా నేను చూసిన మంచల్లా చెరకు రసం బండి మీద గోనెసంచిలో ఉండేదే.

శనివారం ఆయన మళ్ళీ రాశాడు. ఈసారి పొడుగ్గా. అనుభవజ్ఞుడు దొరికినందుకు ఎంతో సంతోషమట. నలభై ఏళ్ళు ఆయన మంచుకు బొక్క పెట్టడం వరకే చేశాడట, ఎర గుచ్చడం, చేపను పట్టడం అంతా భార్య పనేనట. పోయిన వేసవిలో ఆవిడ పోయింది. ఎలా చేసేదో ఎన్నడూ అడగలేదు. వచ్చే బుధవారం తొమ్మిదేళ్ళ మనవరాలు వస్తోంది, నాయనమ్మతో పట్టినట్టే చేపలు పడదామంటోంది. మీరు చెప్పినట్టే చిన్న చేపను గుచ్చాను, అయినా ముట్టలేదు, మీ అనుభవంలో ఇలా జరిగినప్పుడు ఏం చేసేవారు అని అడిగాడు.

నా అనుభవంలో! బస్సులో ఇంటికొస్తూ ఆ మాట తలచుకుంటే చెవులు కాలిపోయాయి. పుస్తకంలో ఆ తరువాత పేజీలో పడవల గురించి ఉంది. బుధవారం ఆ పిల్ల ముందు ఆ ముసలాయన ఖాళీ గాలం పట్టుకుని కూర్చునేది నా మాట నమ్మినందుకే కదా. సోమవారం పొద్దున జవాబు వెళ్ళాలి. అంటే నా చేతిలో ఉన్నది ఒక్క ఆదివారం. ఆ ఒక్కరోజులో అనేక సంవత్సరాల అనుభవం సంపాదించాలి.

ఆదివారం తెల్లవారగానే చేపల దుకాణంలో తొట్టిలో ఈదుతున్న కొర్రమట్టనొకదాన్ని బకెట్లో వేయించుకున్నాను. వాళ్ళ దగ్గరే ఒక మంచుగడ్డ. వెనక గల్లీలో వాడకం లేని బావి ఉంది, దోమల గుడ్లు తింటాయని మున్సిపాలిటీవాళ్ళు అందులో బుల్లి చేపలు వదిలారు. బొక్కెన దించి తోడితే ఐదు వచ్చాయి. డాబా మీద పెద్దమ్మ బట్టలు నానబెట్టే తొట్టి నిండా నీళ్ళు పోసి, కొర్రమట్టను వదిలి, పైన మంచుగడ్డ తేలేసేసరికి పెదనాన్న మెట్లెక్కి వచ్చాడు.

"ఏందిర గిది? అందరు చేపను మంచుల పెడ్తరు. నువ్వు చేప మీద మంచు పెడ్తున్నవేందిర?"

"పరీక్ష చేస్తున్న పెదనాన్న."

"పరీక్షలు నీకు కలిసొచ్చేదుంటె డిగ్రీలనే కలిసొస్తుండె. పులుసు ఎన్ని గంటలకు?"

"జర ఆగరాదు నువ్వు" అంది వెనకే వచ్చిన పెద్దమ్మ. "పొల్లగాడు ఏదో సదువుకున్నడు."

మంచుకు గుండ్రంగా బొక్క పెట్టాలి. పుస్తకంలో దానికి పెద్ద మర ఉంది. నా దగ్గర స్క్రూడ్రైవర్ ఉంది. అరగంట పొడిచాక మంచుకు గాక నా బొటనవేలికి బొక్క పడింది. పెద్దమ్మ చూసి చూసి కిందికి వెళ్ళి, రాగి చెంబు నిండా మసిలే నీళ్ళు తెచ్చి గడ్డ మీద పెట్టింది. చెంబు తన దారి తాను చేసుకుంటూ మెల్లగా దిగిపోయింది. చెంబంత నున్నని గుండ్రని బొక్క. "పుస్తకంల లేదు పెద్దమ్మా గిది" అన్నాను. "రాసినోనికి చెంబు లేకుండె గావచ్చు" అంది.

గాలం సంగతి పెదనాన్న చూసుకున్నాడు. గుండుసూది వంచి, కోటుకు గుండీలు కుట్టే దారం కట్టి, థర్మాకోల్ ముక్కను బెండుగా గుచ్చాడు. ఇక బతికున్న బుల్లి చేపను ఆ సూదికి గుచ్చాలి. అరచేతిలో అది టపటపా కొట్టుకుంటోంది. నాలుగుసార్లు చదివిన అధ్యాయం గుర్తొస్తోంది, చెయ్యి మాత్రం ముందుకు పోవడం లేదు. "ఇయ్యి ఇట్ల, నామర్దా" అని పెదనాన్న లాక్కున్నాడు. ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు, సూది దగ్గరగా పెట్టాడు, దాని ముఖం చూశాడు. "ముప్పై ఏండ్లసంది సూదులతోని బతుకుతున్న. గుడ్డకు గుచ్చుడు వేరు రా" అని తిరిగి నాకిచ్చేశాడు. చివరికి సూది పక్కన పెట్టి, కచ్చాకుట్టు దారంతో దాని నడుముకు ఒక వదులు ముడి వేసి దించాం.

కొర్రమట్ట అడుగున కర్రలా పడుంది. చలికి ఆకలి చచ్చింది కాబోలు, అచ్చం పుస్తకంలో ఉన్నట్టే. నేను దారం ఆడించాను. ఇటు తిప్పాను, అటు తిప్పాను, దాని మూతి ముందే దింపాను. అది ఇంకో పక్కకు తిరిగింది. మెట్రో వచ్చినప్పుడల్లా కిటికీల వెంట జనం మమ్మల్నే చూస్తున్నారు. మంచుగడ్డ కరిగి సగమైంది. నా అనుభవం మొత్తం కళ్ళముందే నీళ్ళవుతోంది.

"బిడ్డా, నువ్వు అట్ల మూతి ముంగట ఆడిచ్చుకుంట కూసుంటె అదెట్ల తింటది?" అంది పెద్దమ్మ. "చిన్నగున్నప్పుడు సెలవులకు మా ఇంటికొస్తె నువ్వు గిట్లనే చేసెటోనివి. ముద్ద పట్టుకొని ఎంబడివడ్తె మూతి తిప్పుకునుడు. గిన్నె ఆడ పెట్టి, నేను ఇటు తిరిగి మిషన్ తొక్కుతుంటె గిన్నె ఖాళీ. దాన్ని చూడకు. పా, ముందుగాల నువ్వు తిను."

దారం తొట్టి చెవికి కట్టి కిందికి వెళ్ళాం. అన్నం తిని వచ్చేసరికి బెండు పక్కకు పడి ఉంది. ముడి ఖాళీ. కొర్రమట్ట తొట్టిలో హాయిగా తిరుగుతోంది.

పెదనాన్న సంతోషంగా కత్తి తెమ్మన్నాడు. పెద్దమ్మ కదల్లేదు. "మనింట్ల తిన్నది. చుట్టమాయె. ఎట్ల కోస్తరు?" అంది. ఆ సాయంత్రం పెదనాన్న పులుసుకు బదులు పప్పుచారు పోసుకుని తిన్నాడు. చుట్టాన్ని ఆయనే బకెట్లో తీసుకెళ్ళి వెనక గల్లీ బావిలో వదిలి వచ్చాడు. ఆ ఏడు మా చుట్టుపక్కల దోమలు ఎందుకు పెరిగాయో మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు.

సోమవారం ఉన్నదున్నట్టు రాశాను. అయ్యా, నేను మంచు సరస్సు చూడలేదు, నాకున్న అనుభవం నిన్న ఒక్కరోజుది, అది కూడా బట్టల తొట్టిలో. చెంబు గురించి రాశాను, గుచ్చలేని మా చేతుల గురించి రాశాను, పెద్దమ్మ మాట రాశాను. దించి, కదపకుండా, వేరే పని చూసుకోండి. భయం వేసి మనసు మారేలోపు పంపేశాను. మధ్యాహ్నం మేడం పిలిచారు. ఆ మెయిలు ఆవిడ ముందు తెరిచి ఉంది. నా ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం కూడా అప్పటికి ఆవిడ దగ్గరే ఉంది.

"ఏంటండీ ఇది? ఈ పెద్దమ్మ మన ప్రోడక్ట్ లిస్టులో ఎక్కడా లేరే?"

"లేదు మేడం."

"నాకు చూపించకుండా పంపించేశారా?"

"పంపించేశాను మేడం."

ఆవిడ ఆ మెయిలు మూసేశారు. "అనుభవం అని ఇంకెప్పుడూ రాయకండి" అన్నారు. తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి, "ఇంతకీ ఆ చేపను ఏం చేశారండీ?" అని అడిగారు. బావి సంగతి చెబితే ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కాగితం మీద సంతకం ఎప్పుడు చేశారో నాకు తెలియదు, నెలాఖరుకు చేతికొచ్చింది.

శుక్రవారం పెద్దాయన జవాబు వచ్చింది. మంచు మీద కూర్చుని నా ఉత్తరం మనవరాలికి చదివి వినిపించాడట. తొట్టి దగ్గర మొదలుపెట్టి, పెదనాన్న పప్పుచారు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ నవ్వలేక స్టూళ్ళ మీద నుంచి పడబోయారట. ఆ నవ్వులో గాలం సంగతే మరిచిపోయారు. తిరిగి చూస్తే కర్ర వంగి ఉంది. చేప చిన్నదే, అరచేయంత. "నా భార్య కూడా దాన్ని దించేసి అటు తిరిగి స్వెటర్ అల్లుకునేది. నలభై ఏళ్ళు చూశాను, అదే కిటుకని నాకు తట్టలేదు. మీ పెద్దమ్మకు చెప్పండి" అని రాశాడు.

చెప్పాను. పెద్దమ్మ మిషన్ ఆపకుండానే, "తిన్నదా మరి? సంతోషం. ఆ పెద్దమనిషి ఒక్కడే వండుకుంటుండా?" అంది.

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు పెద్దమ్మ చెప్పింది ఒక కాగితం మీద రాసి, ఆ అధ్యాయం చివర పెట్టాను. తరువాత చదివేవాళ్ళకు అక్కరకొస్తుందని. మొన్న ఆ గ్రంథాలయానికి మళ్ళీ వెళ్ళాను. పుస్తకం అదే అలమారలో ఉంది. చీటీలో చివరి ముద్ర నాదే. కాగితం పసుపెక్కింది, నా అక్షరాలు ఇప్పటికన్నా నిటారుగా, ఎంతో ధీమాగా ఉన్నాయి. కింద సంతకం పెట్టి, పక్కన "స్వానుభవం" అని రాసుకున్నాడు ఆ కుర్రాడు. మేడం వద్దన్న మాటే. కొట్టేద్దామని పెన్ను తీశాను. మళ్ళీ జేబులో పెట్టుకుని, కాగితం ఉన్నచోటే ఉంచి, పుస్తకం మూశాను.